ఫొటో అతనిది కాదు, మాటలు అతనివేనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది తెనాలి, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఎనిమిది నెలల క్రితం డేటింగ్ యాప్‌లో బెంగళూరులో ఉండే ఒక అబ్బాయి పరిచయమయ్యాడు. రోజూ రాత్రి గంటల తరబడి ఫోన్లో మాటలే. వీడియో కాల్ చేద్దామంటే మాత్రం ఏదో ఒక సాకు. పోయిన నెల గట్టిగా నిలదీస్తే, ప్రొఫైల్లో పెట్టినవి తన ఫొటోలు కావని, వాళ్ల చిన్నాన్న కొడుకువని ఒప్పుకున్నాడు. ‘నా ముఖం చూస్తే నువ్వు మాట్లాడేదానివే కాదు’ అని ఏడ్చాడు. నాకు ఆన్‌లైన్ ప్రేమకథల సినిమాలంటే పిచ్చి. ‘లవ్ హార్డ్’లో హీరోయిన్ ఇలాంటి అబ్బాయినే చివరికి ప్రేమించింది కదా! నేను క్షమించలేకపోతే అందం చూసి ప్రేమించినట్టేనా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. – పేరు వద్దు

జవాబు: కాదమ్మా. ఎనిమిది నెలలు ఒక ముఖాన్ని కళ్లముందు పెట్టుకుని మనసు విప్పారు. ఇప్పుడు ఆ ముఖం వేరేవాళ్లదని తెలిసింది. అన్నంలో రాయి తగిలితే నోట్లో ముద్ద ఆగిపోతుంది, అంతే. దానికి అందం మీద మోజని పేరు పెట్టుకోకండి. అతని మాట ఇంకోసారి చదవండి: ‘నా ముఖం చూస్తే మాట్లాడేదానివే కాదు.’ అబద్ధం చెప్పింది అతను, తప్పు మాత్రం మీ ఖాతాలో పడింది. కావాలని అన్నాడో, భయంతో అన్నాడో నాకు తెలియదు. కానీ మీరు ఆ భారం మోస్తున్నారని ఉత్తరంలోనే కనిపిస్తోంది.

ఇక సినిమాలు. నేనూ ఇష్టంగానే చూస్తాను. 2021లో వచ్చిన ‘లవ్ హార్డ్’లో హీరో జోష్ స్నేహితుడి ఫొటోలు పెట్టుకుని హీరోయిన్‌తో మాట్లాడతాడు. ఆ అమ్మాయి లాస్ ఏంజెలెస్ నుంచి క్రిస్మస్‌కి అతని ఊరు వెళ్లాక గుట్టు బయటపడుతుంది. అయినా మనకు జోష్ మీద కోపం నిలవదు. ఎందుకంటే కెమెరా మనల్ని అతని ఇంట్లోకి తీసుకెళ్లింది. తండ్రి పక్కన, నానమ్మ పక్కన అతను ఎలా ఉంటాడో చూశాం కాబట్టి మంచివాడని నమ్మాం. మీకు ఆ కెమెరా లేదు. మీ దగ్గరున్నది ఒక గొంతు, కొన్ని మెసేజ్‌లు.

1998 నాటి ‘యూవ్ గాట్ మెయిల్’ నాకు ఇంకా ఇబ్బంది. పేర్లు చెప్పుకోకుండా తను ఈమెయిల్లో మాట్లాడేది ఎవరితోనో టామ్ హాంక్స్ పాత్రకు సగం సినిమాలోనే తెలిసిపోతుంది. మెగ్ ర్యాన్ పాత్రకు తెలియదు. ఆమె చిన్న పుస్తకాల కొట్టు మూతపడటానికి కారణం అతని పెద్ద దుకాణమే. నిజం దాచి, ఆమె చుట్టూ తిరిగి, మనసు మెత్తబడ్డాక బయటపడతాడు. మనం కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొడతాం! ఒకరికి అంతా తెలిసి, మరొకరికి ఏమీ తెలియకుండా నడిచే ప్రేమను ముద్దుగా చూపించడం ఈ కథలకు అలవాటు. పైగా ఆ ఇద్దరికీ మొదట్లో వేరే జోడీలున్నారు, వాళ్లను సినిమా ఎంత తేలిగ్గా పక్కకు తప్పిస్తుందో గమనించారా?

అలాగని చూడకుండా ప్రేమించడమే తప్పని అనను. మనవాళ్లు 1996లో ‘ప్రేమలేఖ’ను నెత్తిన పెట్టుకున్నారు, తమిళ ‘కాదల్ కోట్టై’కి డబ్బింగ్ అది. హీరోయిన్ పోగొట్టుకున్న సర్టిఫికెట్లు హీరోకి దొరికితే తిరిగి పంపిస్తాడు, ఉత్తరాలు అక్కడ మొదలవుతాయి. ముఖాలు తెలియకపోవడం ఇద్దరికీ సమానమే. ఇంకొకరి ముఖం అరువు తెచ్చుకోలేదు.

మీ కథలో ఎవరూ మాట్లాడని మూడో మనిషి ఒకరున్నారు: ఆ చిన్నాన్న కొడుకు. తన ఫొటోలతో ఎనిమిది నెలలుగా ఒక అమ్మాయి ప్రేమలో ఉందని అతనికి తెలుసా? ‘ముందు మీ తమ్ముడికి చెప్పు, ఫొటోలు తీసెయ్’ అని అడగండి. అన్నయితే అన్నకే చెప్పమనండి. సరేనని వెంటనే చేస్తాడా, దాన్ని కూడా దాటవేస్తాడా, చిరాకు పడతాడా? పది క్షమాపణల కంటే ఇది మీకు ఎక్కువ చెబుతుంది.

ఆ తర్వాత వీడియో కాల్. వాయిదా వేయనివ్వకండి. అది జరిగాకే కలవడం, అదీ హైదరాబాద్‌లోనే, పగటిపూట, జనం ఉన్నచోట, స్నేహితురాలు పక్క టేబుల్ దగ్గర ఉండగా. డబ్బు మాట వస్తే, ఎంత చిన్న మొత్తమైనా, అక్కడితో ఆపండి. ఇప్పటికే పంపి ఉంటే 1930కి ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగానికి చెప్పండి. మీ వ్యక్తిగత ఫొటోలు అతని దగ్గరున్నాయా? ఉత్తరంలో రాయలేదు. ఉండి, వాటితో బెదిరిస్తే ఒంటరిగా బేరమాడకండి, మెసేజ్‌లు చెరిపేయకుండా ఫిర్యాదు చేయండి.

ఇవన్నీ నిలబడితే అప్పుడు అతని అసలు ముఖం మీకు నచ్చుతుందో లేదో చూసుకోవచ్చు. నచ్చకపోయినా మీరు చెడ్డవారు కారు.

ఇంట్లో చూస్తున్న సంబంధాల గురించి అమ్మకు అబద్ధం చెప్పకండి, మొత్తం కథా ఇవాళే చెప్పనక్కర్లేదు. ‘రెండు నెలలు ఎవర్నీ రమ్మనకమ్మా, మనసు బాలేదు’ అంటే చాలు. ఎందుకని అడిగితే, అడుగుతారు, అక్కో పిన్నో పక్కన ఉన్నప్పుడు చెప్పండి.