ఇళ్ల జప్తు కేసుల్లో బ్యాంకులు కట్టిన డబ్బును అమెరికా రాష్ట్రాలు దేనికి ఖర్చు పెట్టాయి?

కొంత ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకే ఖర్చు పెట్టాయి, చాలా చోట్ల మాత్రం బడ్జెట్ లోటు పూడ్చుకున్నాయి.

గృహరుణాలు కట్టలేనివారి ఇళ్లను బ్యాంకులు కాగితాలు సరిగ్గా చూడకుండా, గుడ్డిగా సంతకాలు పెట్టి జప్తు చేశాయని గొడవైంది. 2012లో బ్యాంక్ ఆఫ్ అమెరికా, జేపీమోర్గాన్ చేజ్, వెల్స్ ఫార్గో, సిటీగ్రూప్, అల్లీ కలిసి 49 రాష్ట్రాలతో, ఫెడరల్ ప్రభుత్వంతో దాదాపు 2,500 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నాయి. ఇందులో ఎక్కువ భాగం అప్పు తగ్గింపు వంటి, రుణగ్రహీతలకిచ్చే ఊరట రూపంలోనే. రాష్ట్రాల చేతికి నగదుగా వచ్చింది సుమారు 250 కోట్లు.

ఆ నగదును వీలైనంత మేరకు జప్తుల నివారణకు, ఉచిత న్యాయసహాయానికి, రుణ కౌన్సెలింగ్‌కు వాడాలని ఒప్పందంలో ఉంది. ఆ "వీలైనంత" అన్న మాటే కొంప ముంచింది. మాంద్యంతో ఖజానాలు ఖాళీగా ఉన్న రోజులవి. జార్జియా తన వాటా సుమారు 9.9 కోట్లను కంపెనీలను రప్పించే పథకాలకు మళ్లించింది. ఇల్లు పోయిన కుటుంబానికి దానివల్ల ఏం ఒరిగింది? నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

కాలిఫోర్నియా తన గృహనిర్మాణ బాండ్ల బాకీలు తీర్చడానికి వాడుకుంది. స్వచ్ఛంద సంస్థలు ఊరుకోలేదు, కోర్టుకెళ్లాయి. 33.1 కోట్ల డాలర్లు తిరిగి జమ చేయాలని 2018లో అప్పీలు కోర్టు తేల్చింది.