అధ్యక్ష అభ్యర్థిని బట్టి స్టేట్ హౌస్ సీట్లు మారతాయా? నార్త్ కరోలినాలో నేను చూసింది

అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ ఎవరికి టికెట్ ఇచ్చిందన్నదాన్ని బట్టి రాష్ట్ర చట్టసభలకు పోటీ చేసేవాళ్ళ గెలుపోటములు మారతాయా అన్నది ప్రశ్న. మారతాయి. బ్యాలెట్‌లో అందరికంటే పైన ఉండే ఆ అధ్యక్ష అభ్యర్థి వల్ల ముఖ్యంగా తేలేది ఎవరు ఓటేయడానికి వస్తారు, ఎవరు ఇంట్లో ఉండిపోతారు అన్నది. ప్రచారానికి ఎంతమంది వస్తారు, చందాలు ఎంత పడతాయి అన్నది కూడా చాలావరకు అక్కడే తేలుతుంది. కింద ఉన్న అభ్యర్థి ఎంత మంచివాడైనా ఆ వచ్చిన జనంతోనే నెగ్గుకురావాలి.

నేను నార్త్ కరోలినాలోని వేక్ కౌంటీలో ఉంటాను. 2022లోనూ 2024లోనూ మా స్టేట్ హౌస్ (రాష్ట్ర చట్టసభలో దిగువ సభ) నియోజకవర్గంలో డెమొక్రాట్ల తరఫున ఇంటింటి ప్రచారం చేశాను. కాబట్టి నేను చెప్పేది ఒక పక్షం నుంచి చూసింది, అది గుర్తుంచుకుని చదవండి.

2024 జూన్ చివర్లో బైడెన్, ట్రంప్ డిబేట్ అయ్యాక మా దగ్గర వాలంటీర్లు రావడం దాదాపు ఆగిపోయింది. ఫోన్ చేస్తే "చూద్దాంలెండి" అనేవారు. జూలై 21న బైడెన్ తప్పుకున్నారు, ఆయన బదులు కమలా హారిస్ పేరు వచ్చింది. ఆ వారాంతానికి ఆఫీసులో కుర్చీలు చాలలేదు. మా స్టేట్ హౌస్ అభ్యర్థి మాత్రం అదే మనిషి. అవే కరపత్రాలు, అదే టీచర్ల జీతాల మాట. హారిస్ కోసం వచ్చినవాళ్ళ చేతిలోనే మా అభ్యర్థి కరపత్రం కూడా పెట్టి పంపాం. అంతకుముందు నెలంతా గడప తొక్కని వీధులు రెండు శనివారాల్లో పూర్తయ్యాయి. అధ్యక్ష అభ్యర్థి కింది సీటుకు చేసే మేలు ఏమిటో నాకు బాగా అర్థమైంది అప్పుడే.

ఇక బ్యాలెట్ సంగతి. మా ఊళ్ళో ఈవీఎం లేదు, పొడవాటి కాగితం ఇస్తారు, పేరు పక్కన ఉండే గుండ్రటి గడిని పెన్నుతో నింపాలి. 2024లో అందరికంటే పైన అధ్యక్షుడు. ఆ కింద యూఎస్ హౌస్ (దేశ పార్లమెంటు దిగువ సభ), గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, ఆడిటర్, వ్యవసాయం, బీమా, కార్మిక శాఖల కమిషనర్లు... ఇలా చాలా పదవులు దాటాక స్టేట్ సెనేట్, స్టేట్ హౌస్ వస్తాయి. ఒక్క గడి నింపితే పార్టీ మొత్తానికి ఓటు పడే పద్ధతి ఇక్కడ ఒకప్పుడు ఉండేది, 2013లో చట్టం చేసి తీసేశారు. ఇప్పుడు ఒక్కో పదవికీ విడిగా నింపాల్సిందే. సగంలో అలసిపోయి ఆపేసేవాళ్ళు ఉంటారు.

ఒక తెలుగువాళ్ళ ఇంట్లో ఆయన నాతో అన్నమాట: "పైన ఎవరికి వేయాలో మాకు క్లారిటీ ఉందండీ. కింద పేర్లు ఎవరో ఏమిటో తెలియకుండా వేయడం తప్పు కదా, అందుకే వదిలేస్తాం." అది బద్ధకం కాదు, నిజాయితీగా చెప్పిన కారణం. మీ పాప టీచర్ జీతం స్కేలు మన రాష్ట్ర రాజధాని రాలీలో కూర్చునే ఆ 120 మంది హౌస్ సభ్యులు, 50 మంది సెనేటర్లు నిర్ణయిస్తారండీ అన్నాను. అప్పటిదాకా వంటింట్లోంచి వింటున్న వాళ్ళావిడ బయటికొచ్చి శాంపిల్ బ్యాలెట్ అడిగి తీసుకున్నారు. స్టేట్ హౌస్ వరస ఎక్కడుందో చూపించమని, దాని చుట్టూ పెన్నుతో గీత గీసుకున్నారు. పై అభ్యర్థి కోసం బయల్దేరిన ఓటరును కింది వరస దాకా తీసుకెళ్ళడానికి ఇంతకు మించిన దారి నాకు కనబడలేదు. టీవీ యాడ్ ఆ పని చేయలేదు.

అయితే పై గాలి అన్నిచోట్లా ఒకేలా కిందికి దిగదు. మనవాళ్ళు క్రాస్ ఓటింగ్ అంటారే, అది నార్త్ కరోలినాలో పాత అలవాటు. 2016లో ట్రంప్ ఈ రాష్ట్రం గెలిచారు, అదే బ్యాలెట్ మీద డెమొక్రాట్ రాయ్ కూపర్ పదివేల పైచిలుకు ఓట్ల తేడాతో గవర్నర్ అయ్యారు. 2020లోనూ ట్రంప్, కూపర్ ఇద్దరూ గెలిచారు. 2024లో ట్రంప్ మూడు శాతం పైన ఆధిక్యంతో గెలిస్తే, గవర్నర్ పోటీలో డెమొక్రాట్ జోష్ స్టైన్ దాదాపు 15 శాతం తేడాతో నెగ్గారు. రిపబ్లికన్ అభ్యర్థి మార్క్ రాబిన్సన్ పాత వ్యాఖ్యల గురించి సెప్టెంబర్‌లో సీఎన్ఎన్ కథనం వచ్చింది. ఆయన ఖండించారు, కానీ అప్పటికే వెనకబడి ఉన్న పోటీ ఇక కోలుకోలేదు. అంటే ఒకే కాగితం మీద రెండు గాలులు, ఒకటి అటు, ఒకటి ఇటు.

మరి కింద ఏమైంది? గవర్నర్ 15 శాతంతో గెలిచినా 120 సీట్ల హౌస్‌లో రిపబ్లికన్లకు 71 వచ్చాయి. 2023లో రిపబ్లికన్ల చేతిలో ఉన్న చట్టసభే నియోజకవర్గాల హద్దులు తిరిగి గీసింది, ఈ రాష్ట్రంలో వాటిని వీటో చేసే అధికారం గవర్నర్‌కు లేదు. నా లెక్కలో అధ్యక్ష అభ్యర్థి కంటే ఈ హద్దులే బలమైనవి. చాలా సీట్లలో ఫలితం మ్యాపు గీసిన రోజే తేలిపోతుంది.

అయినా ఆ 71 మామూలు అంకె కాదు. గవర్నర్ వీటోను తోసిపుచ్చడానికి హౌస్‌లో అందరూ హాజరైతే 72 కావాలి. 2023లో హౌస్ సభ్యురాలు ట్రిషియా కాథమ్ డెమొక్రాట్ల నుంచి రిపబ్లికన్లలోకి మారడంతో వాళ్ళకు సరిగ్గా 72 అయ్యాయి. ఆ మే నెలలో 12 వారాల గర్భస్రావ చట్టం మీద కూపర్ వీటోను 72-48తో కొట్టేశారు. 2024లో షార్లెట్ దగ్గర కాథమ్ రెండు వందల చిల్లర ఓట్ల మెజారిటీతో నిలబడ్డారు. గ్రాన్‌విల్, వాన్స్ కౌంటీల సీటును డెమొక్రాట్ బ్రయన్ కోన్ దాదాపు అంతే తేడాతో లాక్కున్నారు. 72 కాస్తా 71 అయింది. అంత దగ్గరి పోటీలో పైనుంచి వచ్చిన జనమూ, కింద తలుపులు తట్టిన మనుషులూ ఇద్దరూ కావాలి. మా అభ్యర్థి ఓడిపోయారు, ఆ బాధ నాకింకా ఉంది.

వేరే రాష్ట్రాల్లో ఇంకో రకంగా జరిగింది. 2020లో న్యూహాంప్‌షైర్‌ను బైడెన్ ఏడు శాతం తేడాతో గెలిచారు, అదే రోజు అక్కడి రెండు సభలూ డెమొక్రాట్ల చేతిలోంచి రిపబ్లికన్లకు పోయాయి. 2024లో మిషిగన్‌ను ట్రంప్ గెలిస్తే స్టేట్ హౌస్ కూడా రిపబ్లికన్లకు వెళ్ళింది. అదే ఏడాది పెన్సిల్వేనియాలో ట్రంప్ గెలిచారు, యూఎస్ సెనేట్ సీటు కూడా రిపబ్లికన్లదే అయింది, స్టేట్ హౌస్ మాత్రం 102-101తో డెమొక్రాట్ల దగ్గరే ఉంది.

అధ్యక్ష ఎన్నిక లేని ఏడాదిలో గాలి తరచూ ఎదురు తిరుగుతుంది. వర్జీనియాలో చట్టసభ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి. ట్రంప్ గెలిచిన ఏడాదికే, 2017లో, వంద సీట్ల హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో (అక్కడి దిగువ సభ) డెమొక్రాట్లు 34 నుంచి 49కి ఎగబాకారు. ఒక సీటులో ఓట్లు సమానమైతే గిన్నెలోంచి చీటీ తీశారు, రిపబ్లికన్ పేరు వచ్చింది, సభ 51-49గా వాళ్ళకే మిగిలింది. 2019లో ఆ రాష్ట్ర సెనేట్‌కు రిపబ్లికన్ సీటు గెలుచుకుని వెళ్ళిన గజాలా హాష్మీ మన హైదరాబాద్‌లో పుట్టినవారే. 2025లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు.

ఇండియా నుంచి చూసేవాళ్ళకు తెలంగాణ గుర్తొస్తుంది. 2018 డిసెంబర్‌లో అసెంబ్లీకి విడిగా ఓటేస్తే 119లో టీఆర్ఎస్‌కు 88, బీజేపీకి ఒక్కటే. నాలుగు నెలలకు లోక్‌సభకు ఓటేసినప్పుడు బీజేపీకి 17లో 4 వచ్చాయి. మోదీ పేరు మీద జరిగిన ఎన్నిక వేరు, కేసీఆర్ పేరు మీద జరిగింది వేరు. ఇక్కడ ఆ రెండు నిర్ణయాలూ ఒకే రోజు, ఒకే కాగితం మీద జరుగుతాయి.

మీ సీటు సంగతి అంచనా వేయాలంటే కిందటి అధ్యక్ష ఎన్నికలో అక్కడ తేడా ఎంతో చూడండి. ఐదు శాతం లోపు ఉంటే కింది అభ్యర్థి కోసం తిరగడం దండగ కాదు. పదిహేను దాటితే నవంబర్‌లో పెద్దగా తేలేది ఉండదు, అసలు పోటీ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ముందస్తు ఎన్నికలోనే. మా రాష్ట్రంలో 2024 ప్రైమరీ మార్చి 5న జరిగింది. ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటరు కూడా ఏదో ఒక పార్టీ ప్రైమరీని ఎంచుకుని ఓటేయొచ్చు. నేను కలిసిన తెలుగువాళ్ళలో చాలామందికి ఆ వీలుందని తెలియదు.