టెక్ సందేహాలు: ఫోన్లో కోడ్ వచ్చింది, పెడల్ మార్చేయాలా?

ప్రశ్న: మాది టెంట్ హౌస్. సామాను వేసే డీజిల్ వ్యాన్ వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి రేస్ తీసుకోవడం మానేస్తోంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. డీజిల్ ఫిల్టర్ మార్చినా తేడా లేదు. బండిలోని లోపాల కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ పరికరం కొని పెడితే ఫోన్లో పి2138 అని వచ్చింది. మెకానిక్ యాక్సిలరేటర్ పెడల్ మొత్తం మార్చాలంటున్నాడు. మార్చమంటారా?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఒక్క అరగంట ఆగండి. పి2138 అంటే పెడల్ పోయిందని కాదు. పెడల్ నుంచి వచ్చే రెండు లెక్కలకు పొంతన కుదరడం లేదని, అంతే.

ఇప్పటి డీజిల్ బండ్లలో పెడల్‌కు కేబుల్ ఉండదు. కాలు ఎంత నొక్కిందో సెన్సర్ వోల్టేజీ రూపంలో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కి చెబుతుంది. ఒక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదం కాబట్టి లోపల రెండు సెన్సర్లు పెడతారు. చాలా పెడళ్లలో ఒకదాని వోల్టేజీలో రెండోది సగం చూపిస్తుంది: కాలు తీసినప్పుడు సుమారు 0.75, 0.37 వోల్టులు, పూర్తిగా తొక్కితే 3.8, 1.9 దరిదాపుల్లో. ఈ లెక్క తప్పిందా, ఈసీయూ రేస్ తగ్గించేస్తుంది. పాపం, మీ ఫిల్టర్‌కు దీంతో సంబంధమే లేదు.

మీ చేతిలో ఉన్న పరికరంతోనే తేల్చుకోవచ్చు. తాళం ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. యాప్‌లో పెడల్ పొజిషన్ D, పెడల్ పొజిషన్ E అని ఉండే ఆ రెండు సెన్సర్ల రీడింగులనూ గ్రాఫ్‌గా పెట్టండి. కాలు పెట్టకముందే 15 శాతం కనిపిస్తే కంగారుపడొద్దు, 5 వోల్టుల్లో 0.75 అంటే అంతే. ఇప్పుడు పెడల్‌ను పది సెకన్లు తీసుకుని మెల్లగా నొక్కి, అంతే మెల్లగా వదలండి. చవక పరికరాలు రీడింగులు నిదానంగా తెస్తాయి, గబగబా తొక్కితే గ్రాఫ్‌లో ఏమీ చిక్కదు.

ప్రతిసారీ ఒకే చోట ఒక గీత టక్కున పడిపోతే సెన్సర్ లోపలి ట్రాక్ (కాంటాక్టు రాసుకుంటూ కదిలే పట్టీ) అరిగినట్టే. మెకానిక్ మాట నిజం, పెడల్ మార్చండి. పార్ట్ నంబర్ సరిపోవాలి. కొన్ని బండ్లకు ఆ తర్వాత స్కానర్‌తో లెర్నింగ్ (కొత్త పెడల్‌ను ఈసీయూకి పరిచయం చేయడం) చేయించాలి. అలా కాకుండా కాలు కదపకపోయినా వైరు ఊపితే గీత ఎగిరిపడుతోందా? అయితే తాళం తీసేసి కనెక్టర్ ఊడదీసి చూడండి. పిన్నులకు చిలుము, వదులు, తడి ఏదో ఒకటి దొరుకుతుంది. తడి చెప్పులతో ఎక్కే బండ్లలో ఇది మామూలే. రెండు గీతలూ ఒకేసారి పడితే మాత్రం మల్టీమీటర్‌తో 5 వోల్టుల సప్లైని, ఎర్త్‌ని చూడాలి. కొన్ని బండ్లలో అదే 5 వోల్టుల లైను మీద ఉన్న వేరే సెన్సర్ షార్టయినా పెడల్ మీదకే నేరం వస్తుంది.

తేలేదాకా లోడుతో హైవే ఎక్కొద్దు. ఓవర్‌టేక్ మధ్యలో రేస్ ఆగితే చాలా ప్రమాదం.

ప్రశ్న: ఓబీడీ పరికరాన్ని ఎప్పుడూ పోర్టులోనే ఉంచేయొచ్చా?

జవాబు: వద్దు. ఆ పోర్టులో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు తాళం తీసినా వస్తూనే ఉంటుంది. బండి చాలా రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు. పైగా చాలా పరికరాల బ్లూటూత్ పాస్‌వర్డ్ 1234, పక్క బండివాడైనా కలుపుకోగలడు.