ఆయన ఒక్కరికే టికెట్లు కొన్నారు

ప్రశ్న: మాది విశాఖపట్నం. మావారికి 56 ఏళ్లు. కుర్రతనం నుంచీ స్నూకర్ అంటే, అదే బల్ల మీద కర్రతో రంగు బంతుల్ని గుంతల్లోకి కొట్టే ఆటంటే, ప్రాణం. 2017లో ఇండియన్ ఓపెన్ స్నూకర్ పోటీలు మా ఊళ్లోనే జరిగితే సెలవు పెట్టి మరీ చూసొచ్చారు. ఇప్పుడు ప్రపంచ ఛాంపియన్‌షిప్ చూడ్డానికి వచ్చే ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వెళ్తారట. కార్డు మీద ఆట టికెట్లు కూడా కొనేశారు. బ్యాంకు మెసేజ్ చూసి నేను అడిగితే అప్పుడు చెప్పారు. అదీ ఒక్కరికే. ‘నీకు బోరు కొడుతుంది’ అన్నారు. ఖర్చుకి చీటీ డబ్బు ఉందంటున్నారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. 81 ఏళ్ల అత్తగారు మా దగ్గరే ఉంటారు, ఆవిణ్ణి వదిలి నేను గడప దాటలేను. కాశీ తీసుకెళ్లమని ఐదేళ్లుగా అడుగుతుంటే సెలవు దొరకదంటారు. ఈ ప్రయాణం మాన్పించాలా? నేనూ వస్తానని పట్టుబట్టాలా? ఏం చేసినా నేనే చెడ్డదాన్ని అవుతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మాన్పించకండి. పట్టుబట్టి వెళ్లొద్దు కూడా.

ఉత్తరమంతా స్నూకర్ గురించి రాసి, కాశీ గురించి ఒక్క ముక్క రాశారు. నాకు మీ బాధంతా ఆ ఒక్క ముక్కలోనే కనిపించింది. మీరు అడిగినప్పుడు ఐదేళ్లు దొరకని సెలవు, ఆటకి మాత్రం దొరికింది. దానికి తోడు ఆ సంగతి మీకు బ్యాంకు మెసేజ్ చెప్పింది, ఆయన చెప్పలేదు. ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. డబ్బు గురించో, అమ్మాయి పెళ్లి గురించో వాదన పెట్టుకుంటే ఈ అసలు మాట అడుగున పడిపోతుంది. ఆయన లెక్కలు చూపిస్తారు, మీరు నోరు మూసుకోవాల్సి వస్తుంది, బాధ అలాగే ఉండిపోతుంది.

ఆయన ఎందుకంత తొందరపడ్డారో కాస్త చెబుతాను. షెఫీల్డ్‌లో క్రూసిబుల్ అని ఒక నాటకశాల ఉంది. 1977 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ అక్కడే జరుగుతోంది. సీట్లు వెయ్యికి కూడా కొంచెం తక్కువే. మొదటి వరసలో కూర్చుంటే ఆటగాడు క్యూకి, అంటే ఆడే కర్రకి, సుద్ద రాసుకోవడం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. స్నూకర్ అభిమానులకి జీవితంలో ఒక్కసారైనా చూసి తీరాల్సిన చోటు అది. సీట్లు తక్కువ, ఆశపడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి, ఒక ఏడాది పోటీలు ముగిసే రోజుల్లోనే వచ్చే ఏడాది టికెట్లు అమ్మకానికి పెడతారు. మంచి సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. అందుకని ఆయన వెంటనే కొన్నారంటే అర్థం చేసుకోవచ్చు. కొన్న సాయంత్రమే మీకు చెప్పకపోవడానికి మాత్రం ఇది కారణం కాదు. ఈ రెండింటినీ విడదీసి చూడండి. మొదటిదానికి కోప్పడకండి, రెండోదాన్ని వదిలిపెట్టకండి.

ఇక ఒక్కరికే కొన్న సంగతి. ఈ ఆట చూడ్డమంటే మన క్రికెట్ మ్యాచ్‌కి వెళ్లినట్టు ఉండదు. పోటీలు 17 రోజులు. రోజుకి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని సెషన్లు, ఒక్కోటి ఇంచుమించు మూడు గంటలు. టికెట్ సెషన్‌కే ఇస్తారు. మ్యాచ్‌లో ఒక్కో ఆటని ఫ్రేమ్ అంటారు. మొదటి రౌండ్‌లో ముందు 10 ఫ్రేములు గెలిచినవాడిదే మ్యాచ్, అది రెండు సెషన్లు నడుస్తుంది. ఒక్క టికెట్ కొంటే సగం మ్యాచే చూస్తారు. సెమీఫైనల్స్ మొదలయ్యేదాకా హాల్లో రెండు బల్లలు, మధ్యలో అడ్డుగోడ. ఫైనల్ ఆది, సోమవారాల్లో నాలుగు సెషన్లు సాగుతుంది. ఆట జరుగుతుంటే గుసగుస కూడా వినపడకూడదు, ఫోన్ మోగకూడదు, ఫ్రేమ్ మధ్యలో లేచి బయటికి పోకూడదు. ఇష్టంలేని మనిషికి ఇది రోజుల తరబడి శిక్షే. ‘నీకు బోరు కొడుతుంది’ అన్నమాట అబద్ధమేమీ కాదు. కానీ మీ తరఫున ఆ జవాబు ఆయనే చెప్పేసుకున్నారు. మిమ్మల్ని అడిగి, మీరు వద్దన్నాక ఒక్క టికెట్ కొనుంటే ఈ ఉత్తరం నాకు వచ్చేదే కాదు.

కాబట్టి ముందు మీకు మీరే ఒకటి తేల్చుకోండి. మీకు నిజంగా వెళ్లాలని ఉందా, లేక పిలవలేదన్న బాధా? పిలవలేదన్న బాధే అయితే టికెట్‌తో తీరదు. ‘నన్ను ఎందుకు అడగలేదు?’ అని అదే మాట నేరుగా అడగండి. అత్తగారి ముందు, అమ్మాయి ముందు కాదు. పాత పద్దులు తియ్యకుండా ఈ ఒక్కటే అడిగి ఆగండి. జవాబు రావడానికి కాస్త సమయం పట్టినా మీరు మధ్యలో అందుకోకండి.

నిజంగానే వెళ్లాలని ఉంటే, పదిహేడు రోజులూ హాల్లో కూర్చోనక్కర్లేదు. మొదటి రౌండ్ రోజుల్లో ఆయనతో ఒక్క సెషన్ చూడండి. వ్యాఖ్యానం వినడానికి చెవిలో పెట్టుకునే చిన్న రేడియో అక్కడ దొరుకుతుంది, అది ఉంటే ఏం జరుగుతోందో తెలుస్తుంది. మిగతా వేళల్లో నాటకశాల పక్కనే ఉన్న వింటర్ గార్డెన్‌లో తిరగొచ్చు. పెద్ద అద్దాల తోట అది, చలి లేకుండా కూర్చోవచ్చు. ఏప్రిల్ అయినా అక్కడ మనకి స్వెట్టర్ లేనిదే నడవదు. లండన్‌లో దిగి అంత దూరం రైల్లో పడే శ్రమ కూడా తప్పించుకోవచ్చు. మాంచెస్టర్ విమానాశ్రయంలో దిగితే, ఆ ఊళ్లోని పిక్కడిల్లీ స్టేషన్లో రైలు మారి షెఫీల్డ్ చేరొచ్చు, గంట పైచిలుకు ప్రయాణం.

మీరు వెళ్లినా వెళ్లకపోయినా చీటీ డబ్బు సంగతి తప్పక కనిపెట్టండి. బ్రిటన్ విజిటర్ వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోనిస్తారు. ఆట టికెట్లు ఉన్నంత మాత్రాన వీసా ఇవ్వరు, ఇవ్వకపోతే కట్టిన ఫీజు వెనక్కి రాదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు జాగ్రత్తగా చూస్తారు. దరఖాస్తుకి వారం ముందు ఖాతాలో ఒక్కసారిగా లక్షలు పడితే ఎక్కణ్ణుంచి వచ్చాయన్న అనుమానం వస్తుంది. చీటీ ఇప్పుడే తీసుకుని ఖాతాలో ఉంచి, పాసుబుక్కు, కాగితాలు దగ్గర పెట్టుకోమనండి. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కి రాని విమాన టికెట్ కొనొద్దనండి. అమ్మాయి పెళ్లికని దాచినదాన్ని ముట్టుకోనని ఆయన నోటితో చెప్పించుకోవడం కూడా మీ హక్కే. మొత్తం ఖర్చు ఎంతవుతుందో ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద వేసుకోండి. ఆయన ఇష్టాన్ని ఈసడించకుండా, ఇంటి డబ్బు ఇద్దరిదీ అని గుర్తుచెయ్యడానికి అంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

అత్తగారి విషయం నాకు కొంచెం కోపం తెప్పించింది, మీ మీద కాదు. ఆయన ఇంగ్లండ్ వెళ్లడానికి తల్లి అడ్డం రాలేదు, మీరు కాశీ వెళ్లడానికి మాత్రం వచ్చింది. ఆవిడ ఆయనకి కన్నతల్లి. ఆయన లేని రోజుల్లో ఆవిణ్ణి ఎవరు చూసుకోవాలో ఆలోచించే పని ఆయనది కూడా. ఆడపడుచో, మరుదులో ఉంటే ఆ ఫోన్ మీరు చెయ్యకండి, ఆయన్నే చెయ్యమనండి.

కాశీని ‘షెఫీల్డ్ నుంచి వచ్చాక చూద్దాం’ అననివ్వొద్దు. ఆ ప్రయాణానికి ఇంకా నెలలున్నాయి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఏడాది ముందు ఎగబడాల్సిన పని లేదు. ఈ కార్తీకంలోనో, సంక్రాంతి దాటాకో, ఆయనకి వీలైన వారం ఆయనే ఎంచి, ఆఫీసులో సెలవు చీటీ ఇచ్చి మీకు చూపించాలి. దీన్ని షెఫీల్డ్‌కి మీరిచ్చే అనుమతికి బదులుగా అడగకండి. ఐదేళ్ల కిందటే మీకు రావాల్సింది అడుగుతున్నారు, అలాగే అడగండి.

ఇంతా మాట్లాడాక కూడా ఆయన ‘ఒక్కణ్ణే వెళ్లొస్తాను’ అంటే, అది మీ మీద ప్రేమ లేక అంటున్నమాట అనుకోనక్కర్లేదు. చిన్నప్పటి నుంచి దాచుకున్న కోరికని కొందరు ఎవరూ పక్కన లేకుండా తీర్చుకోవాలనుకుంటారు. అలా అయితే మనస్ఫూర్తిగా పంపండి. ఆయన అక్కడున్నన్ని రోజులూ అత్తగారి దగ్గర ఆడపడుచో, మరొకరో ఉండే ఏర్పాటు ముందే చేయించుకుని, మీరూ అమ్మాయీ కలిసి మీ పుట్టింటికి వెళ్లి నాలుగు రోజులు ఉండి రండి.