మెకానికల్ చదివే అమ్మాయికి ఏ ల్యాప్‌టాప్?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరుతోందండీ. వాళ్ళన్నయ్య మ్యాక్‌బుక్ అంటాడు, ఫ్రెండ్సేమో గేమింగ్ ల్యాప్‌టాప్ అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: మెకానికల్ అంటున్నారు కాబట్టి మ్యాక్‌బుక్ పక్కన పెట్టేయండి, అది మంచిది కాదని కాదు, సాలిడ్‌వర్క్స్ లాంటి కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదే నడుస్తాయి, తర్వాత తల పట్టుకోవాలి. గేమింగ్‌వాటిలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది, త్రీడీ డిజైన్‌కి పనికొస్తుంది నిజమే, కానీ చాలావరకు రెండు కిలోల పైనే బరువు, ఛార్జర్ ఇంకో ఇటుక, బ్యాటరీ చూస్తే మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. చిన్న గ్రాఫిక్స్ కార్డున్న మామూలు మోడల్ దొరికితే నా ఓటు దానికే. ర్యామ్ మాత్రం 16 జీబీ ఉండాల్సిందే, 8తో సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే చాలా సన్న మోడల్స్‌లో ర్యామ్‌ని లోపలి బోర్డుకే సోల్డర్ చేసి అతికించేసి ఉంటారు, తర్వాత పెంచుదామన్నా కుదరదు, ఇది షాపులో గట్టిగా అడగండి. ఫైళ్ళు దాచుకునే ఎస్ఎస్‌డీ 512 జీబీ చాలు. ప్రాసెసర్ విషయంలో ఐ7 స్టిక్కర్ చూసి పడిపోకండి, పాత ఐ7 కంటే కొత్త ఐ5 చాలాసార్లు నయం. అన్నట్టు డిపార్ట్‌మెంట్‌లో ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారో సీనియర్లని ఓసారి కనుక్కోమనండి, డబ్బు కట్టేముందే.