నూటికి నూరు చూసి పాట పాడేయకండి

ప్రశ్న: ఈబే అనే ఆన్‌లైన్ సంతలో పాత తపాలా బిళ్ళలు వేలానికి ఉన్నాయి. ఒక అమ్మకందారుకు స్కోరు 4,200, శాతం 97.1. ఇంకొకరికి స్కోరు 38, శాతం 100. ఎవరి దగ్గర పాడాలి?
– ఓ పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అమ్మకం అయ్యాక కొన్నవారూ అమ్మినవారూ ఒకరి గురించి ఒకరు రాసే అభిప్రాయమే ఫీడ్‌బ్యాక్. అది పాజిటివ్ (మంచి), నెగెటివ్ (చెడు), న్యూట్రల్ (మధ్యస్థం) అని మూడు రకాలు. స్కోరు ఖాతా తెరిచిన నాటి నుంచి పోగైనది. పాజిటివ్‌కు ఒకటి కలుస్తుంది, నెగెటివ్‌కు ఒకటి పోతుంది, న్యూట్రల్‌కు మార్పు లేదు. శాతం గడిచిన 12 నెలలదే, అందులో న్యూట్రల్‌ను లెక్కలోకే తీసుకోరు. ఏడాదిలో 190 పాజిటివ్‌లు, 10 నెగెటివ్‌లు, 40 న్యూట్రల్‌లు వస్తే శాతం 95. పెదవి విరిచిన ఆ 40 మంది ఎక్కడా కనబడరు. అందుకే న్యూట్రల్ వ్యాఖ్యలు తప్పక చదవండి.

ఆ 38లో అమ్మి తెచ్చుకున్నవి ఎన్నో, కొని తెచ్చుకున్నవి ఎన్నో విడదీసి చూడండి. ఫీడ్‌బ్యాక్ పేజీలో ఈ రెంటికీ వేర్వేరు విభాగాలు ఉంటాయి. 2008 నుంచి అమ్మకందారు కొన్నవారికి పాజిటివ్ తప్ప ఇవ్వడానికి వీల్లేదు. కాబట్టి చవక వస్తువులు కొని సంపాదించిన నూరు శాతానికి విలువ లేదు.

97.1 అంటే వందలో దాదాపు ముగ్గురు నెగెటివ్ ఇచ్చారు. పెద్ద అమ్మకందారుకు అది ఎక్కువే. కారణం పార్శిల్ ఆలస్యమైతే సర్దుకోవచ్చు. 'నకిలీ', 'చిరుగు అతికించారు', 'వెనక కొత్త జిగురు పూశారు' అని ఉంటే మాత్రం ఆ పాట వదిలేయండి.

వస్తువు చేతికి అందాక, విప్పి చూశాకే ఫీడ్‌బ్యాక్ రాయండి. సాధారణంగా 60 రోజుల గడువుంటుంది. నెగెటివ్ పెడితే డబ్బు తిరిగి రాదు. దానికి వేరే ఫిర్యాదు తెరవాలి, అదీ డెలివరీ తేదీ నుంచి 30 రోజుల్లోపు. ఈ రెండు గడువులూ కలిపేసుకుని నష్టపోయేవాళ్ళే ఎక్కువ.

ప్రశ్న: బరంపురం పట్టుచీర ఈబేలో పెట్టి విదేశానికి అమ్మాను. రంగు తేడా అని నెగెటివ్ ఇచ్చారు. నేనూ తిరిగి ఇవ్వవచ్చా?
– ఓ పాఠకురాలు, బరంపురం

జవాబు: వీల్లేదమ్మా. అమ్మకందారు కక్షగా తిరిగి ఇస్తాడన్న భయంతో కొన్నవాళ్ళు నిజం రాయలేకపోయేవారు, అందుకే ఆ దారి మూసేశారు. ముందు చీర వెనక్కి తీసుకోవడమో, కొంత డబ్బు తగ్గించడమో చేసి వారిని ఒప్పించండి. ఆ తర్వాతే ఫీడ్‌బ్యాక్ మార్చమని సైటు ద్వారా అభ్యర్థన పంపండి. ఫీడ్‌బ్యాక్ వచ్చిన 30 రోజుల్లోపు పంపాలి, వారికి స్పందించడానికి 10 రోజులుంటాయి. ఒక్క ఫీడ్‌బ్యాక్‌కు ఒక్క అభ్యర్థనే కనుక తొందరపడి వృథా చేసుకోవద్దు. మార్చకపోతే ఆ వ్యాఖ్య కిందే మర్యాదగా జవాబు రాయండి, రేపు కొనేవాళ్ళు చదివేది అదే.

ఇకపై ఫొటోలు ట్యూబులైటు కింద తీయకండి. పగలు, నేరుగా ఎండ పడని చోట అంచు, పల్లూ, చీర మధ్య భాగం విడివిడిగా తీసి, పొడవు మీటర్లలో రాయండి.