మంచు ఎత్తిపోసే యంత్రం: వైరుదా, బ్యాటరీదా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్‌లో ఇల్లు కొన్నాడు. గ్యారేజీ నుంచి రోడ్డు దాకా 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు సిమెంటు దారి. చలికాలంలో దాని మీద మంచు తీయడానికి కరెంటు స్నో త్రోయర్ కొంటానంటున్నాడు. వైరుతో నడిచేది చవక, బ్యాటరీది ఖరీదు. ఏది మేలు? డిసెంబరులో మేమిద్దరం వెళుతున్నాం. ఇక్కడే కొని తీసుకువెళితే కలిసివస్తుందా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తీసుకువెళ్లే ఆలోచన మానుకోండి. బెజవాడ, గుంటూరు దుకాణాల్లో మంచు యంత్రం ఎవరు పెడతారండీ? దొరికినా మన కరెంటు 230 వోల్టులు, వాళ్లది 120. బ్యాటరీదైతే సరేనంటారా, 160 వాట్-అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానం ఎక్కనివ్వరు; ఈ యంత్రాలవి అంతకన్నా పెద్దవి.

ధర తరువాత చూద్దాం. రోడ్డు మీద మంచు తోసే బండి వెళ్లాక ఇంటి దారి మొదట్లో గట్టు ఎంత ఎత్తు పడుతోందో ముందు అబ్బాయిని అడగండి. ఆకాశం నుంచి పడ్డ మంచు చాలాసార్లు పొడిగా, తేలికగా ఉంటుంది. బండి తోసిన గట్టు అలా కాదు. నీరు, ఉప్పు, గడ్డలు కలిసి బిగిసిపోతుంది. చిన్న యంత్రాలు చేతులెత్తేసేది అక్కడే. పైగా మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే చల్లగాలి తడి పీల్చుకుని ఆ ఊళ్ల మీద కుమ్మరిస్తుంది. సీజనులో 70 అంగుళాలు దాటడం వాళ్లకు మామూలే.

ఈ యంత్రాలు రెండు రకాలు. ఒక అంచె (సింగిల్ స్టేజ్) యంత్రంలో తిరిగే రెక్కలే మంచును గీకి, గొట్టంలోంచి విసురుతాయి. ఆరేడు అంగుళాల మంచుకు, సిమెంటు నేలకు అది చక్కగా సరిపోతుంది. రెండు అంచెలదానిలో ముందున్న ఇనుప మర గడ్డలను నలిపి లోపలికి లాగితే, వెనకున్న ఫ్యాను దూరంగా విసురుతుంది. గట్టు మోకాలెత్తు వస్తుంటే ఇదే కొనమనండి.

ఇక వైరు సంగతి. ఆటోనగర్‌లో మోటార్లు చుట్టించినవాణ్ణి కాబట్టి నాకు దాని మీద మోజు లేదు. అది 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నని వైరు వంద అడుగులు లాగితే, పొలంలో బోరు మోటారుకు సన్న కేబుల్ వేసినట్టే, వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతుంది. కనీసం 12 గేజి లావు వైరు కావాలి (గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం). అది మంచులో కూరుకుపోకుండా, మరలో పడకుండా చూసుకుంటూ నడవాలి. చిన్న దారికి సరే, మీవాడికి వద్దు.

బ్యాటరీదే కొనమనండి. పెట్టె మీద వోల్టులు చూసి మురిసిపోవద్దు. వాటిని ఆంపియర్-అవర్లతో గుణించి చూడమనండి: 56 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు అయితే 560 వాట్-అవర్లు. అసలు సరుకు అదే. చలికి అందులోనూ కోత పడుతుంది, అందుకే రెండు బ్యాటరీలు ఉండాలి. వాటిని గ్యారేజీలో వదిలేయకుండా ఇంట్లో పెట్టాలి. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని చార్జి చేస్తే పాడవుతుంది.

గొట్టంలో తడి మంచు ఇరుక్కుంటే చెయ్యి పెట్టకూడదు. మోటారు ఆగినా, ఇరుక్కున్న రెక్కలో బలం మిగిలి ఉండి, అడ్డు తొలగగానే ఒక్కసారిగా తిరగవచ్చు. వేళ్లు పోయేది ఇలాగే. ముందు బ్యాటరీ ఊడదీయాలి, తరువాత యంత్రంతో ఇచ్చే ప్లాస్టిక్ పుల్లతోనే పొడవాలి.

మీరు మాత్రం అక్కడ పార ముట్టుకోకండి. ఆ దారి మీద అర అడుగు పొడి మంచు పడినా దాదాపు టన్ను బరువు. చలిలో అది ఎత్తితే గుండెకు ప్రమాదమని అక్కడి వైద్యులు ఏటా హెచ్చరిస్తారు. ఊరకే కూర్చోలేకపోతే రెండో బ్యాటరీ చార్జింగు పని మీరు తీసుకోండి.